మంద దగ్గర చెప్పిన సెంట్రల్ యూనివర్సిటీ కథ

మిర్యాలగూడ నుంచి కోదాడకు హుజూర్‌నగర్ మీదుగా నేరుగా బస్సులున్నాయి. అయినా ఆ జూన్ ఉదయం ఆరున్నరకు నేను సూర్యాపేట బస్సెక్కాను. డిగ్రీలో నా దగ్గర చదివిన శైలజ పెన్‌పహాడ్ నుంచి అక్కడికి వచ్చి కలవాలి. హైదరాబాద్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆమెకు ఎం.ఏ. సీటు వచ్చింది. చేరుతున్నట్టు సాయంత్రంలోగా చెప్పకపోతే అది ఇంకొకరికి పోతుంది. తండ్రి లింగయ్య ఫోన్‌లో వద్దని ఒక్క మాటతో ఖతం చేశాడు. ఆయన గొర్రెల మందతో కోదాడ దగ్గర ఉన్నాడు. ఎదురుగా కూర్చుని అడుగుదామని బయల్దేరాం.

సూర్యాపేట బస్టాండులో ఇడ్లీ తిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఆధార్ కార్డుంటే చాలు, టికెట్ డబ్బుల్లేవు. కార్డు మరిచిపోతే మాత్రం కండక్టర్ వినడు.

"నాయిన వద్దంటే పోను మేడం," అంది శైలజ. నాకు ఒళ్లు మండి గట్టిగా అరిచాను.

"ఏటా ఎండకాలం నాయిన మందతోని పోతుంటే ఎప్పుడొస్తవని ఏడ్సేదాన్ని. ఆయన మాట తీసెయ్య బుద్ధి కాదు."

పక్క సీట్లో జగ్గయ్యపేట వెళ్తున్న పెద్దావిడ కల్పించుకుంది. "అరవబాకండమ్మా. ఎందుకు వద్దంటున్నాడో ముందు కనుక్కోండి."

కోదాడలో దిగి ఆటోలో ఊరు దాటాం. కోత అయిపోయిన మడిలో మంద నిలబడి ఉంది. ఎరువు కోసం రైతులు పొలాల్లో రాత్రిళ్లు మంద కట్టించుకుంటారు. లింగయ్య మాకు మంచినీళ్లిచ్చి గట్టు మీద తువ్వాల పరిచాడు. పెద్దావిడ చెప్పినట్టే అడిగాను.

"మా తమ్ముడు సెంటర్ నౌకరిల ఉన్నడు మేడం. ఇయ్యాల అస్సాం, రేపు కాశ్మీర్. ఏడికంటే ఆడికి ఏస్తరు. ఈ యూనివర్సిటీ గూడ సెంటర్‌దేనట. పిల్లను గూడ గట్లనే ఏస్తే నేనేడ ఎతకాలె?"

నవ్వొచ్చింది, కానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"చదువుకునే పిల్లలకు ట్రాన్స్‌ఫర్లు ఉండవు అన్నా," అని మొదలుపెట్టాను. ఒకప్పుడు ఆంధ్ర, తెలంగాణ గొడవలు ముదిరాయి. వాటిని చల్లార్చే ఒప్పందంలో భాగంగా ఢిల్లీ ఈ యూనివర్సిటీని ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసింది. ఖర్చు ఢిల్లీది. రోజువారీ పాలన వైస్ ఛాన్సలర్‌ది. చదువుల సంగతి చూసేది అక్కడి ప్రొఫెసర్లే. అందరికీ పైన రాష్ట్రపతి. అన్ని రాష్ట్రాల పిల్లలూ పరీక్ష రాసి వస్తారు. నేనూ అక్కడే చదివాను.

లింగయ్య పక్కకు పోతున్న గొర్రెను అదిలించి నా వైపు తిరిగాడు.

"రాష్ట్రపతి గూడ పిల్లను ఆడినుంచి కదిలియ్యలేరా?"

"కదిలించలేరు."

"నేనొచ్చి సూడొచ్చునా?"

"ఎప్పుడైనా రావచ్చు."

"అయితే పో బిడ్డా."

శైలజ గట్టు మీదే ఫోన్ తీసి, చేరుతున్నానని నొక్కేసింది.

మధ్యాహ్నం రెండింటికి కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాం. కాలేజీలో టీసీ తీసుకోవాలని శైలజా నాతోనే వచ్చింది. రెండు ప్రాంతాల కొట్లాటలోంచి పుట్టిన యూనివర్సిటీ ఇన్నేళ్ల తర్వాత ఒక గొర్రెల కాపరి కూతురికి దారి ఇచ్చింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

గరిడేపల్లి దాటుతుండగా ఆమె ఫోన్ మోగింది. లింగయ్య గొంతు నాకూ వినిపించింది.

"బిడ్డా, మళ్ల ఎప్పుడొస్తవ్?"

శైలజ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "ఇంకా పోనేలేదు నాయినా."