బైదసీ గారి ఇంటిపేరు

1991 వేసవిలో నన్ను మస్కట్ ఆఫీసు నుంచి రుస్తాఖ్ రోడ్డు సైట్‌కు పర్సనెల్ ఆఫీసరుగా వేశారు. వీసాలు, సెలవులు, బతాకాలు, అంటే కార్మిక శాఖ ఇచ్చే గుర్తింపు కార్డులు, నా బాధ్యత. సైట్ పెద్ద బైదసీ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఆ ఇంటిపేరు ఇంగ్లండులోనే అరుదు. ఎప్పుడో సముద్రం పక్కన కాపురమున్నందుకు పూర్వీకులకు ఆ పేరు పడిందనీ, చెల్లెలు పెళ్లయి పేరు మార్చుకున్నాక తానొక్కడే మిగిలాననీ ఆయన ఒకసారి చెప్పారు. మనకు ఊళ్లను బట్టి ఇంటిపేర్లు వచ్చినట్టే. నిజామాబాద్ మేస్త్రీ రాజన్న ఆ అర్థం తెలిసి ఆయన్ను 'సముద్రం సార్' అనేవాడు. ఆయన పలికేవారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం బైదసీ గారు కంకర గుట్ట దగ్గర గుండె ఆగి పడిపోయారు. శవాన్ని మస్కట్ మార్చురీకి చేర్చాం. దేశం దాటించాలంటే పోలీసు అనుమతి కావాలి. పాస్‌పోర్టులో ఆ పేరు ఒకే మాట. బతాకా మీద అరబ్బీలో ఎవరో టైపిస్టు దాన్ని 'బై', 'ద', 'సీ' అని మూడు ముక్కలు చేశాడు. అక్కడ సొంతపేరు తరవాత తండ్రి పేరు, తాత పేరు వస్తాయి. కౌంటరులోని యువ అధికారి అలాగే చదివి, "యే దూస్రా ఆద్మీ హై", ఇతను వేరే మనిషి అని హిందీలో అంటూ ఫైలు వెనక్కి నెట్టాడు. బతాకా దిద్దించుకు రమ్మన్నాడు. కార్మిక శాఖవారేమో పోయినవాడి కార్డు దిద్దే పద్ధతి లేదన్నారు. రాయబార కార్యాలయం ఇచ్చిన ఉత్తరమూ పనిచేయలేదు. ఎండలో ఆ రెండు ఆఫీసుల మధ్య తిరగడమే నా డ్యూటీ అయింది.

రూమ్‌కు వస్తే రాజన్న వాకిట్లో నిలబడి ఉండేవాడు. "పేరు కోసం పీనుగను ఆపుడేంది సార్? మేమందరం వచ్చి చెప్తం, గాయినే అని." ఆయన చెల్లెలు ఇంగ్లండు నుంచి ఫోన్ చేసినప్పుడు ఆలస్యానికి కారణం చెప్పాను. బడిలో కూడా తమ పేరు ఎవరూ సరిగ్గా రాసేవారు కాదని మాత్రం అంది.

మళ్లీ వెళ్లిననాడు కౌంటరులో వయసు మళ్లిన అధికారి ఉన్నారు. వాదించే ఓపిక నాకు లేదు. ఇది తండ్రి పేరు కాదు, వంశం పేరు, సముద్రం పక్కవాళ్లని అర్థం అని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను.

"అంటే అల్ బహ్రీ! మాలోనూ ఆ సముద్రపు ఇంటిపేరువాళ్లు ఉన్నారు. ముందే ఎందుకు చెప్పలేదు?" అంటూ ఆయన అనుమతి కాగితం మీద మూడు ముక్కలనూ కలిపి రాసి, ముద్ర వేశారు.

శవం వెళ్లిన రోజు కూడా సైట్‌లో పని ఆగలేదు.

ఆ తరవాత కొత్తగా ఎవరొచ్చినా, ముందు పేరు నోటితో చెప్పించుకుని, ఇంటిపేరేదో అడిగి, ఆ పైనే అరబ్బీలో రాయించేవాణ్ణి. బతికున్న మనిషి తప్పు పేరుతో పిలిచినా పలుకుతాడు. పోయాక అతని తరఫున పలికేది ఆ రాసిన పేరొక్కటే.