కొలతల తాత కుట్టిన రెండు జతలు

వీధికి నాలుగు మెట్లు కిందుగా ఒక పొడవాటి గది. దానికున్న ఒక్క కిటికీ వీధి నేలకు సమానంగా ఉంటుంది. అందుకని లోపల కూర్చున్నవాళ్లకు మనుషుల ముఖాలు కనబడవు, మోకాళ్ల కింది భాగం మాత్రం కనబడుతుంది. ఎండ వాలాక ఆ కాళ్ల నీడలు ఎదుటి గోడ మీద పొడుగ్గా సాగి, చప్పుడు లేకుండా నడిచి వెళ్లిపోతుంటాయి. ఆ నీడల మధ్య కూర్చుని కొలతల తాత యాభై ఏళ్లు జోళ్లు కుట్టాడు.

అవి కొట్లో అరల్లో దొరికే జోళ్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లను, వేళ్లు వంకరపోయినవాళ్లను, అరికాళ్లలో స్పర్శ పోయినవాళ్లను ఆసుపత్రి డాక్టర్లు చీటీ రాసి ఆయన దగ్గరికి పంపేవారు. ఈ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత జోళ్లను కుట్టు కుట్టూ విప్పి చూసి, తోలు పాడుచేసి, వేళ్లు కోసుకుని నేర్చుకున్నాడు. దాని గురించి నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని లేపితే, "ప్రభువు మంచివాడు. కూర్చుంటా" అని కూర్చునేవాడు.

"ఈయన సాక్ష్యం కన్నా నా తుమ్ము పొడుగు" అనేది ఆయన భార్య.

కొలత విషయంలో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. కొలత సాయంత్రమే తీయాలి, పొద్దున తీస్తే అప్పటికి పాదం ఇంకా పొంగి ఉండదు. మనిషిని నిలబెట్టే తీయాలి, కూర్చున్న కాలు అబద్ధం చెబుతుంది. ప్రతి జతకూ మళ్లీ తీయాలి. "మొన్ననేగా తాతా తీశావ్?" అని ఎవరైనా విసుక్కుంటే, "మొన్నటి కాలు మొన్ననే పోయింది. ఇవాళ్టిది చూపించు" అనేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

తీసిన కొలతకు కర్రతో అచ్చు చెక్కేవాడు. ఆ అచ్చు మీద తోలు లాగి కుడితే జోడు అవుతుంది. ఏళ్లు గడిచి పాదం మారితే కొత్త అచ్చు చెక్కడు. ఎక్కడ వాచిందో, ఎక్కడ ఎముక పొడుచుకొచ్చిందో చూసి, పాత అచ్చు మీద అక్కడ ఒక తోలు ముక్క అతికించి ఆకురాయితో నున్నగా అరగదీసేవాడు. గోడంతా ఆ అచ్చులే. వాటిలో అందరికన్నా ఎక్కువ అతుకులున్న జత ఆయన భార్యది. పెళ్లయిన వారానికి చెక్కింది. కూతురు పుట్టాక పాదం వెడల్పయింది, ఒక అతుకు. బొటనవేలి కణుపు లేచింది, ఇంకొకటి. తర్వాత ఒంట్లో చక్కెర చేరింది, అతుకు మీద అతుకు. నలభై ఆరేళ్లకి ఆ అచ్చు చూస్తే కాలనిపించదు, ఉడికిన దుంపలా ఉంటుంది.

ఆవిడ జోళ్ల లోపలికి అస్తరు కుట్టేది. కుడుతూ పాడేది, పాడుతూ ఆయన్ని దెప్పేది.

"పరలోకంలో కాళ్లన్నీ బాగుంటాయి కదే. నాకు పనేముంటుంది?" అని ఒకసారి ఆయన అడిగాడు.

"చేతిలో పని లేకపోతే అక్కడన్నా నా మాట వింటావు. అందుకే నాకు పరలోకం మీద అంత ఆశ!"

ఆ ఆశ ఇద్దరికీ నిజంగానే ఉండేది. చనిపోయినవాళ్లను వాళ్లు నిద్రించారనేవారు, అనడమే కాదు, అలాగే అనుకునేవారు. అయితే ఇతరుల విషయంలో అనుకోవడం తేలిక.

ఆవిడ పాదాలకు స్పర్శ పోయి చాలా కాలమైంది. తర్వాత నీరు చేరింది. అయిదు నెలలుగా మంచం దిగడమే గగనం. చర్చిలో నెలకోసారి జరిగే ప్రభువు బల్లలోని రొట్టె, ద్రాక్షరసం పాస్టరుగారే ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ఈ మధ్య ఎడమ పాదం వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు చూసి, వచ్చే సోమవారం ఆసుపత్రిలో చేర్చమన్నాడు. పాదం ముందు సగం తీసేయాలి. ఆపైన ఆవిడ గుండె ఎంత తట్టుకుంటుందో చెప్పలేనన్నాడు.

ఆ రోజు ఇంట్లో ముందుగా మాట్లాడింది ఆవిడే.

"సోమవారం కదా? ఆదివారం బల్ల ఉంది. నేను వెళతాను. నడిచి."

"అమ్మా, నీకేమన్నా పిచ్చా?" అంది కూతురు. "కుర్చీలో తీసుకెళతాం."

"నన్ను మోసుకెళ్లే రోజు ఒకటి ఎలాగూ ఉంది, అప్పుడు మీ తనివితీరా మొయ్యండి. రెండు పాదాలూ ఉండగా ఒక్కసారి ఆ బల్ల ముందు నిలబడాలని ఉందే నాకు."

రోజూ వచ్చి కట్టు మార్చే నర్సు ఆవిడ పాదాలు మళ్లీ ఒకసారి తడిమి చూసింది. "తాతయ్య జోళ్లయితే ఒప్పుకుంటాను మామ్మగారూ. కానీ ఎక్కడా ఒరుసుకోకూడదు. ఒరుసుకున్నా మీకు తెలియదు, పుండు పడి పైకి పాకుతుంది" అంది.

అందరూ తాత వైపు చూశారు. ఆయన తలూపి, నాలుగు మెట్లు దిగి తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆదివారానికి ఆరు రోజులున్నాయి.

కొలత తీయాలి. సాయంత్రం తీద్దామనుకున్నాడు, తీయలేదు. మర్నాడూ తీయలేదు. అట్టముక్క, పెన్సిలు జేబులో పెట్టుకుని మంచం దాకా వెళ్లి, దుప్పటి సర్ది వచ్చేశాడు. మూడో రోజు మధ్యాహ్నం అచ్చు దింపాడు. పాత అతుకుల మీద కొత్తవి నిలవవు కాబట్టి, ముందు అవి ఊడదీద్దామని కత్తి మొన పెట్టాడు. ఒక్కొక్క తోలు ముక్కా ఎండుటాకులా రాలింది. చక్కెర రోజులవి రాలాయి. కణుపు రాలింది. కూతురు పుట్టినప్పటిది రాలింది. చివరికి కర్ర బయటపడింది. సన్నటి మడమ, ఎత్తైన వంపు, వేళ్ల దగ్గర కాస్త గారంగా పక్కకు తిరిగిన ఒంపు.

ఇరవై రెండేళ్ల పాదం ఆయన ఒళ్లో ఉంది.

గోడ మీద కాళ్ల నీడలు సాగుతున్నాయి. వాటిలో ఒకటి ఆగి, మెట్లు దిగి, "ఆకలి కావడం లేదా నీకు?" అని అడిగినట్టే అనిపించింది. ఆ రోజుల్లో ఆవిడ నడిస్తే వెనక పాదం లేవకముందే ముందు పాదం నవ్వేది. తడి మెట్ల మీద ఆవిడ అరికాళ్ల గుర్తులు ఆరేదాకా ఆయన పని ఆపి చూసేవాడు. ఇప్పుడు ఆయన చేతులు వాటంతటవే లేత రంగు తోలు తీశాయి. తడిపి అచ్చు మీద లాగాయి. మైనం పట్టించిన దారం, తోలు గుచ్చే ఆరె పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ వెన్నలోంచి జారినట్టు జారింది. ఏళ్లుగా పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లు ఆ రెండు రోజులూ బిగుసుకోలేదు. తాను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలుసు, తెలియదు కూడా. నిద్రలో నడిచేవాడికి గుమ్మం తెలిసినట్టు.

గురువారం సాయంత్రం జోళ్లు పట్టుకెళ్లి మంచం దగ్గర పెట్టాడు. నర్సు కట్టు కడుతోంది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయి తాతయ్యా!" అంది.

ఆవిడ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కుట్టు మీద వేలు పోనిచ్చింది. కాలికి పెట్టుకునే ప్రయత్నమైనా చేయలేదు.

"ఇవి ఎవరికి కుట్టావయ్యా?"

ఆయన రెండో జోడును దుప్పటి అంచుతో తుడిచాడు.

"ఊళ్లోవాళ్లందరినీ నిలబెట్టి కొలిచావు. నన్ను కొలవకుండా కుట్టావా?"

"అచ్చు ఉంది కదా అని..."

"మొన్నటి కాలు మొన్ననే పోయిందని ఎవరో అంటుండేవాడు. పెద్దమనిషి. ఎక్కడున్నాడో ఏమో."

నర్సు నవ్వబోయి, తాత ముఖం చూసి ఆపుకుంది. ఆవిడ నర్సు కాళ్ల వంక చూసింది. "నీ పాదం చిన్నదే. వేసుకో."

"అయ్యో, నాకెందుకు మామ్మగారూ..."

"పొద్దస్తమానం నిలబడే ఉంటావు. ఇంత మంచి జోళ్లు మంచం కింద పడుకుంటే ఏం లాభం? నడువు, చూద్దాం."

అవి నర్సుకు సరిపోయాయి. గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. ఆయన కుట్టిన జోళ్లలో అంత అందమైనవి లేవు, అవి అలా ఇంకొకరి కాళ్ల మీద వీధిలో నడిచిపోవడం తాత కిందికి దిగి తన గది కిటికీలోంచి చూశాడు. కాసేపు ఉడుక్కున్నాడు కూడా.

తర్వాత పైకి వచ్చి అట్టముక్క నేల మీద పరిచాడు. కూతురూ ఆయనా చెరో రెక్కా పట్టుకుని ఆవిడను నిలబెట్టారు. ఆయన కింద కూర్చుని కట్టు విప్పిన పాదాన్ని మొదటిసారి దగ్గరగా చూశాడు. చర్మం మెరుస్తోంది. వేళ్లు కాలిన చితుకుల్లా ఉన్నాయి. పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీస్తుంటే గీత వణికింది. ఇంకో అట్ట తెచ్చి మళ్లీ గీశాడు. మళ్లీ వణికింది.

"నాకు భయంగా ఉందే" అన్నాడు నేల వైపు చూస్తూ.

కూతురు ముఖం తిప్పుకుంది. ఆవిడ ఒక చెయ్యి విడిపించుకుని ఆయన తల మీద పెట్టింది.

"రాత్రి కల వచ్చింది. గడ్డి మీద నడుస్తున్నా. కాళ్ల కింద చల్లగా తెలుస్తోంది. ఎన్నేళ్లయిందో అలా తెలిసి! ఎక్కడికి వెళుతున్నానో మాత్రం గుర్తులేదు. తొందరేమీ లేదు."

"కలే కదా."

"కలే. సరే గాని, అతుకులన్నీ ఊడదీశావుగా, లోపల అచ్చు ఎలా ఉంది?"

"అలాగే ఉంది. ఒక్క చోట కూడా పాడవలేదు."

"నువ్వే నలభై ఆరేళ్లు దాన్ని పారేయకుండా దాచుకున్నావు. నన్ను చేసినవాడికి ఆమాత్రం శ్రద్ధ ఉండదా?"

అరికాలు ఆయన అరచేతిలో బరువుగా, చల్లగా ఉంది. మూడో అట్టముక్క తీసుకున్నాడు. ఈసారి గీత తిన్నగా వచ్చింది. తగలకూడని చోట్లకు సిరా చుక్కలు పెట్టి, పాదాన్ని అట్ట మీద ఒత్తించాడు. మొత్తం తొమ్మిది చుక్కలు పడ్డాయి.

అచ్చు మీద మళ్లీ కొత్త అతుకులు వేసి, రెండో జత శుక్రవారం, శనివారం కుట్టాడు. ఈసారి కల లేదు, చేతులకు నొప్పి తెలుస్తూనే ఉంది. రెండు వేళ్లకు గుడ్డ చుట్టుకుని కుట్టాడు. తొమ్మిది చోట్లా లోపలి అట్టను గుంటగా తొలిచి మెత్తటి రబ్బరు పరిచాడు. ముందు భాగం పడవంత వెడల్పు, పైన తాళ్లకు బదులు వెడల్పు పట్టీలు. కుట్లన్నీ బయటి వైపుకు తిప్పాడు, లోపల ఒక్క ముడి కూడా పాదానికి తగలకుండా. శనివారం సాయంత్రం తొడిగించి, గంటసేపు మంచం పక్కన నిలబెట్టి, విప్పి దీపం పెట్టి చూశాడు. చర్మం మీద ఎక్కడా ఎర్రటి గీత లేదు.

"చూడ్డానికి రెండు పిల్లుల బుట్టల్లా ఉన్నాయి" అంది ఆవిడ.

"పిల్లులు సుఖంగా ఉన్నాయా?"

"నిద్రపోతున్నాయి."

ఆదివారం పొద్దున మబ్బుగా ఉంది. ఇంటి నుంచి చర్చి తలుపు దాకా ఆరోగ్యవంతుడు నడిస్తే అయిదు నిమిషాలు. వాళ్లకు గంట పట్టింది. ఒక తోట పిట్టగోడ మీద ఒకసారి, బస్సు ఆగే చోట బల్ల మీద ఒకసారి కూర్చున్నారు. కూతురు మడత కుర్చీ చంకలో పెట్టుకుని వెనకే వచ్చింది, దాన్ని విప్పనే లేదు. తాత ముఖం ఎత్తి ఎవరినీ పలకరించలేదు. ఎప్పటిలాగే చెవితో నడక చూస్తున్నాడు. కుడి అడుగు మెత్తగా, ఎడమ అడుగు కాస్త ఆలస్యంగా. ఆలస్యమైనా తడబడలేదు. మంచులో ఎవరో దూరంగా తలుపు తడుతున్నట్టు ఆ చప్పుడు వీధంతా వినబడుతూ వెళ్లింది.

వాళ్లు లోపలికి వచ్చేసరికి జనం అప్పటికే బల్ల దగ్గరికి వెళ్లి వస్తున్నారు. పాస్టరుగారు ఆవిడను చూసి పళ్లెం చేతిలోకి తీసుకుని కిందికి రాబోయారు.

"ఉండండి అయ్యగారూ" అంది ఆవిడ, అందరికీ వినబడేలా. "మీరు అయిదు నెలలు వచ్చారు. ఇవాళ నా వంతు."

ఎవరో నవ్వారు. వరసల మధ్య దారి ఖాళీ అయింది. ఆవిడ ఆయన మోచేయి పట్టుకుని నడిచింది. ముందు ఒక్క మెట్టుంది, దాని దగ్గర ఆగి ఊపిరి తీసుకుని ఎక్కింది. రొట్టె తీసుకుంది, రసం తాగింది. తాత కూడా తీసుకున్నాడు. రోజూ కొట్లో కూర్చుని తాను చెప్పుకునే ప్రార్థనలో ఎప్పుడూ 'ఈవిడను ఉంచు' అని అడిగేవాడు. ఇవాళ అది అడగడం మరిచిపోయాడు. నీ చేతికి ఇస్తున్నాను, చూసుకో, అన్నాడు మనసులో. పని బాగా వచ్చినవాడికి పని అప్పగించినట్టు అన్నాడు.

చివరి పాట అయిపోయింది. జనం లేచి ఒకరినొకరు పలకరించుకుంటూ బయటికి కదిలారు.

"ఇక కూర్చోవే" అన్నాడు.

"కాసేపుండు."

"అలసిపోలేదా?"

"కాళ్లున్నట్టే తెలియడం లేదు. నిలబడ్డానని మాత్రం తెలుస్తోంది."

ఆయన ఆవిడ బరువు కొంచెం తన భుజం మీదికి తీసుకుని పక్కనే నిలబడ్డాడు. బయట కూతురు ఎవరితోనో మాట్లాడుతున్న మాట వినబడింది. సంఘపెద్ద వరసగా కిటికీలు మూసుకుంటూ వచ్చాడు. చివరి కిటికీ దగ్గర చెయ్యి పెట్టి, బల్ల ముందు నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. దాన్ని తెరిచే ఉంచి, తాళం చెవులు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని బయటికి వెళ్లి నిలుచున్నాడు.