ఖిదిర్‌పూర్ రేవులో మావారి మూడు తువ్వాళ్ళు

మా అత్తయ్యకు ఆ ఏడాది చెవి ఆపరేషన్ జరగకపోయి ఉంటే మేము ఓడ మొహం చూసేవాళ్ళమే కాదు. ఆవిడ అక్కగారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండేవారు. ఆ అక్కగారి భర్త, మావారి పెదనాన్నగారు, ఎప్పుడో ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయారు. అక్కగారు ఈమధ్య మంచం దిగలేకపోతున్నారని ఫోనొచ్చిన దగ్గర్నుంచి అత్తయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. చెవి డాక్టరేమో ఆరు నెలలు విమానం ఊసెత్తొద్దన్నాడు. అత్తయ్య రెండు రోజులు ఆలోచించి, "విమానం వద్దన్నాడు గానీ ఓడ వద్దనలేదు కదమ్మా" అంది. అప్పటికి మావారికి బ్యాంకు ఉద్యోగంలో కలకత్తా బదిలీ అయి మూడేళ్ళు. సాల్ట్ లేక్‌లో కాపురం. ఖిదిర్‌పూర్ రేవు నుంచి నెలకు మూడో నాలుగో ఓడలు పోర్ట్‌బ్లెయిర్ వెళ్తాయని మాకు తెలుసు. మనం ఎక్కుతామని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం వివరంగా చెబుతాను. టిక్కెట్ల అమ్మకం ఎప్పుడో ముందుగా ప్రకటిస్తారు, ఆ రోజు పొద్దున్నే వెళ్ళాలి. మేము వెళ్ళేసరికి క్యాబిన్లు అయిపోయాయి. మిగిలింది బంక్ క్లాసు. పెద్దవాళ్ళకు తలా పదిహేను వందల పైచిలుకు, మా పాపకు సగం, భోజనం విడిగా. బంక్ క్లాసంటే ఓడ అడుగున పెద్ద హాలు, అందులో వరసగా ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. పై దానికి నిచ్చెన. మేమెక్కిన ఓడలో మంచానికి నంబరు లేదు, ముందు వెళ్ళినవాడిదే మంచం. అత్తయ్య మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెల్లగా నడవగలదు, పట్టుకుంటే మెట్లెక్కగలదు, నిచ్చెన మాత్రం ఈ జన్మకు ఎక్కలేదు. అది కూడా ఊగే ఓడలో, మూడు నాలుగు రోజులు. అడిగితే ఎవరైనా కింది మంచం ఇవ్వరా అంటారేమో, ఆ హాల్లో సగం మంది ముసలివాళ్ళూ చంటిపిల్లల తల్లులే, ఎవర్ని లేపుతాం? అందుకని కింద చోటు దొరక్కపోతే తిరిగి ఇంటికొచ్చేద్దామని ముందే అనుకున్నాం. అత్తయ్య సరేనని తలూపింది గానీ మాగాయ సర్దడం మాత్రం ఆపలేదు.

మావారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. ఆయన ధీమా వెనక మూడు తువ్వాళ్ళున్నాయి. ఆయన పుట్టి పెరిగింది విజయవాడలో, చదువుకున్నన్నాళ్ళూ బస్సు ప్రయాణాలే. బస్సు ప్లాట్‌ఫారం మీద ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరట, మా పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నారు. తువ్వాలు పడ్డాక ఆ సీటు మనది. దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం మనవైపు ఎవరికీ ఉండదు. ఓడైతే మాత్రం ఏం, మంచం మీద వేస్తే సరిపోతుంది అన్నారు. తెల్లవి రెండు, ఎర్ర గళ్ళది ఒకటి మడతపెట్టి చేతిసంచిలో పైన పెట్టుకున్నారు.

ఓడ బయల్దేరాల్సిన రోజున బంద్ అన్నారు. ఆ ఊళ్ళో బంద్ అంటే వీధిలో క్రికెట్టు ఆడుకోవచ్చు, టాక్సీ మాత్రం దొరకదు. ఓడను కూడా ఒక రోజు వాయిదా వేశారు. మర్నాడు ఆరింటికల్లా పసుపుపచ్చ టాక్సీలో సామాను కుక్కి బయల్దేరాం. బైపాస్ మీదుగా పార్క్ సర్కస్, అక్కడ్నుంచి వంతెన ఎక్కి రేస్‌కోర్సు పక్కగా ఖిదిర్‌పూర్. పొద్దున్నే కాబట్టి ముప్పావుగంట పట్టింది, తొమ్మిది దాటితే రెట్టింపు వేసుకోండి. మీటరు మీద అంకె చూసి సంతోషపడకండి, ఆ ఊళ్ళో దాన్ని రెండుతో హెచ్చవేసి పైన కొంత కలపాలి. మాకు రెండొందలకు దగ్గరైంది. దారి పొడవునా గోడల మీద సుత్తీ కొడవలి, వాటి కింద ఆరేసిన చీరలు. డ్రైవరు పెద్దాయన, బెంగాలీ. రేవు గేటు దగ్గర సామాను దించుతూ, ఇంటివాళ్ళంతా ఒక్కచోటే ఉండండి దాదా, లోపల విడిపోతే కలుసుకోవడం కష్టం అన్నాడు. మావారు నవ్వి, మేమేమన్నా చిన్నపిల్లలమా అన్నారు.

గేటు దగ్గర టిక్కెట్టు, గుర్తింపు కార్డులు చూసి పెద్ద రేకుల షెడ్డులోకి పంపారు. అప్పటికే అక్కడ జాతర. ట్రంకు పెట్టెలు, గోనె మూటలు, బుట్టల్లో కూరగాయలు, ఒకాయన చంకలో గోడ గడియారం. అత్తయ్యను సూట్‌కేసు మీద కూర్చోబెట్టి నేను పాపకు బిస్కెట్లిస్తుంటే పక్కనుంచి తెలుగు వినపడింది. పాతికమంది దాకా ఉన్నారు, రేవు పక్కనే ఉన్న వాట్‌గంజ్ నుంచి వచ్చారు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవు పనిలో కుదురుకున్న కుటుంబాలు. పోర్ట్‌బ్లెయిర్‌లో పెళ్ళికి వెళ్తున్నారు. ఆ గుంపుకు పెద్ద సూరమ్మ అనే ఆవిడ, యాభై దాటి ఉంటుంది. ముక్కున రెండు వైపులా పుడకలు, భుజాన గుడ్డ సంచి, అందరి టిక్కెట్లూ ఆ సంచిలోనే. ఆవిడ భర్త అప్పన్న ఒక మూట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. రేవులో బరువులెత్తేటప్పుడు నడుం పట్టేసి, అప్పట్నుంచీ నడుముకు బెల్టు. వంగలేడు, ఎక్కలేడు. ఆయనక్కూడా కింది మంచమే కావాలని సూరమ్మ నాతో చెప్పింది. అత్తయ్యను అప్పా అని పిలవసాగింది, వాళ్ళవైపు అక్కను అలా అంటారు. పుట్టింట్లో అందరికంటే చిన్నదైన మా అత్తయ్యను అంతవరకూ అక్కా అని ఎవరూ పిలవలేదు. ఆవిడకు ఎంత సరదా వేసిందో మొహం చూస్తే తెలిసింది.

ఈలోగా మావారు షెడ్డు అవతలి చివర ఇనప కమ్మీల మధ్య ఒక వరస తయారవడం కనిపెట్టారు. వరస కనపడితే ఆయన ఆగరు. మీరిక్కడే ఉండండి, నేను ముందెళ్ళి మంచాలు పట్టేస్తాను, మీరు తీరిగ్గా రండి అని టిక్కెట్టూ తువ్వాళ్ళూ పట్టుకుని దూసుకుపోయారు. నలుగురికీ కలిపి ఒకటే టిక్కెట్టు, అది ఆయన జేబులో. చూస్తుండగానే ఆయన వెనక రెండొందల మంది చేరారు.

పది నిమిషాలకు మైకులో చెప్పారు. ముందు కుటుంబాలు, తర్వాత గుంపుగా వచ్చినవాళ్ళు, చివర ఒంటరి ప్రయాణికులు. టిక్కెట్టులో పేరున్న వాళ్ళంతా కలిసి నిలబడితేనే ఎక్కిస్తారు. మావారు నిలబడింది ఒంటరివాళ్ళ వరసలో. అంటే అందరికంటే ఆఖర్న. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఉత్సాహంగా, "కంగారు పడకు, నా ముందు ఎనిమిది మందే ఉన్నారు" అన్నారు. మైకులో చెప్పింది వినలేదా అంటే ఆ గోలలో ఏం వినపడుతుందన్నారు. వచ్చేయండి అంటే, ఇంత మంచి చోటు వదులుకుని రమ్మంటావేమిటన్నారు. ఆ క్షణంలో ఫోన్లోంచి చెయ్యి పెట్టి లాగగలిగితే లాగేదాన్ని. రెండోసారి అరిచి చెప్పాక విషయం అర్థమైంది, కానీ రావడమెలా? అటు కమ్మీ, ఇటు కమ్మీ, వెనక జనం. దూరంగా తలల మధ్య ఎర్ర గళ్ళ తువ్వాలు ఊపుతూ కనిపించారు.

ఓడ మెట్ల దగ్గరున్న అధికారి కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. టిక్కెట్టు లేకుండా, ఇంటాయన లేకుండా మిమ్మల్ని కుటుంబం కింద ఎలా రాసుకోను, ఆయన వచ్చాక అందరూ కలిసి రండి అన్నాడు. అతని తప్పేముంది. మా కళ్ళ ముందే ఒక్కో కుటుంబం మెట్లెక్కి లోపలికి పోతోంది. వెళ్ళిన ప్రతి ముసలమ్మా మా అత్తయ్య మంచమే తీసుకున్నట్టు అనిపించింది. మొగుడి మీద అంత కోపం నాకు అంతకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. అత్తయ్య కాసేపు చూసింది. తర్వాత మెల్లగా నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంటికెళ్ళిపోదాం సుధా. అక్కకు నేనే ఫోన్లో చెప్పుకుంటాలే."

ఆ మాటకు నా కోపమంతా నీరుగారిపోయి ఏడుపొచ్చింది. పక్కనున్న సూరమ్మ విని, "మీ ఆయనేడమ్మా?" అంది. ఎర్ర తువ్వాలు చూపించాను. ఆవిడ తువ్వాలు కేసి చూసి, నా కేసి చూసింది. కమ్మీల దగ్గరికెళ్ళి కొంగు నడుముకు దోపి ఎవరెవర్నో పేరు పెట్టి పిలిచింది. ఆ ఒంటరి వరసలో వాట్‌గంజ్ వాళ్ళు చాలామందే ఉన్నారు, పోర్ట్‌బ్లెయిర్ రేవులో పనికి వెళ్తున్నవాళ్ళు. మాట వరస వెంట పాకింది. చూస్తుండగానే నలుగురు మావారిని చంకల కింద పట్టి పైకెత్తారు. ప్రభుత్వరంగ బ్యాంకు అధికారి అయిన మావారు, కళ్ళజోడుతో సహా, తలల మీదుగా చేతులు మారుతూ వచ్చి కమ్మీ ఇవతల దిగారు. చేతిసంచి వదల్లేదు, తువ్వాళ్ళూ వదల్లేదు. అక్కడున్న కానిస్టేబులు ముందు అరిచి, తర్వాత నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

అప్పటికి కుటుంబాల వంతు అయిపోయింది. గుంపుల్ని పిలిచారు, మొదటి పేరే సూరమ్మది. ఆవిడ అప్పన్న చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. వెనక పాతికమందీ ఆగారు. అధికారి ఎక్కమన్నాడు. ఆవిడ మా అత్తయ్యను చూపించి, వాళ్ళ కలకత్తా హిందీలో, "ఈ ముసలమ్మను ముందు పోనీ దాదా, మేం ఆగుతాం" అంది. కుటుంబాల వంతు అయిపోయిందన్నాడతను. "అయిపోతే మా వంతు ఇస్తన్నాను, తీసుకో" అని ఈసారి తెలుగులోనే అంది. అతనికి ఆ మాట అర్థమై ఉండదు, మనిషి మాత్రం బాగా అర్థమైంది. మా టిక్కెట్టు తీసుకుని నలుగురినీ లెక్కపెట్టి పక్కకు జరిగాడు. నేను అప్పన్న నడుము బెల్టు కేసి చూశాను. ఆవిడ చూసింది నేను చూడటం. "ఎల్లమ్మా, ముందెల్లు" అంది అంతే.

అత్తయ్య ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నన్ను పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. హాల్లోకి దిగేసరికి కింది మంచాలు దాదాపు నిండిపోయాయి. ఒక మూల స్తంభం పక్కన మాత్రం నాలుగు ఖాళీగా ఉన్నాయి. అత్తయ్యను మొదటి దాని మీద కూర్చోబెట్టాను. పరుపు మీద చెయ్యి వేసి నిమురుకుంటూ ఆవిడ ఊపిరి వదిలిన తీరు చూసి నేనూ పక్కనే కూర్చున్నాను. మావారు బెదురుతూ ఎదురుగా నిలబడ్డారు. ఇక తిట్టాలనిపించలేదు.

"ఆ తువ్వాళ్ళు ఇలా ఇవ్వరా" అంది అత్తయ్య.

మొహం తుడుచుకోవడానికనుకున్నాం. ఆవిడ లేచి పక్క మంచం మీద తెల్లది ఒకటి పరిచింది, దాని పక్కదాని మీద రెండోది, మూడో దాని మీద ఎర్ర గళ్ళది. మళ్ళీ వచ్చి తన చోట కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒకాయన ట్రంకుతో వచ్చి ఎర్ర తువ్వాలు మీద చెయ్యి వేయబోయాడు. అతనికి తెలుగు రాదు, ఈవిడకు తెలుగు తప్ప ఏమీ రాదు. "మనిషున్నాడు బాబూ" అంది గట్టిగా. విజయవాడ బస్టాండులో ఎలా అంటారో అచ్చం అలాగే. ఆయన ముందుకెళ్ళిపోయాడు.

కాసేపటికి సూరమ్మ, భర్తను నడిపించుకుంటూ దిగింది. హాలంతా ఒకసారి కలయజూసేసరికి ఆవిడ మొహం వాడిపోయింది. అత్తయ్య చెయ్యి ఊపి పిలిచి తువ్వాలు తీసి పక్కన పెట్టింది. సూరమ్మ ఖాళీ మంచం కేసి, అత్తయ్య కేసి చూసింది.

"మాకోసమేనేటి అప్పా?"

"ముందు ఆయన్ని నడుం వాల్చమను, తర్వాత మాట్లాడుకుందాం" అంది అత్తయ్య.

అప్పన్న బెల్టు వదులు చేసుకుని పడుకుని కళ్ళు మూసుకున్నాడు. సూరమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని కొంగుతో మొహం అద్దుకుంది. మిగతా రెండూ వాళ్ళలోనే ఇద్దరు పెద్దవాళ్ళకు సరిపోయాయి. మావారూ నేనూ పాపా పై మంచాలెక్కాం. మధ్యాహ్నం దాటాక పోటు చూసి ఓడను, రేవులో నీళ్ళు నిలిపే లాక్ గేట్లలోంచి హుగ్లీ నదిలోకి వదిలారు. సముద్రం చేరేసరికి మర్నాడైంది. భోజనానికి కూపన్లుంటాయి, పప్పూ అన్నం బాగానే ఉంటాయి, ఊరగాయ మీరు తెచ్చుకోవాలి. మాకు ఆ లోటు లేదు, సూరమ్మ దగ్గర చేపల పచ్చడి, అత్తయ్య దగ్గర మాగాయ. రెండోరోజు మావారికి కడుపులో తిప్పింది, పైనుంచి దిగలేకపోతే అప్పన్న కిందనుంచి నిమ్మకాయ అందించాడు.

నాలుగో రోజు పొద్దున ఓడ దిగి వాళ్ళింటికి వెళ్ళాక, అత్తయ్య తన అక్కగారి మంచం మీద కూర్చుని ఉండగా చూసి బయటికొచ్చేశాను. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ నవ్వులు మాత్రం వినిపించాయి. రేవులో ఆ పొద్దున మేము వెనక్కి తిరిగి టాక్సీ ఎక్కి ఉంటే ఈ నవ్వు ఉండేది కాదు. ఆ అక్కగారు ఇప్పుడు లేరు. అందుకే ఎప్పుడు తలుచుకున్నా ముందు భయమేస్తుంది, తర్వాత గుండె కుదుటపడుతుంది. ముందు ఎక్కే వరస మాకు రాసిపెట్టి ఉన్నదే, దాన్ని మేమే చేజార్చుకున్నాం, తన వంతు వదులుకుని మళ్ళీ మా చేతికిచ్చింది సూరమ్మ. మీరెవరైనా ఇంటిల్లిపాదీ ఓడ ప్రయాణం పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, మెట్ల దాకా ఎవరూ ఎవరి చెయ్యీ వదలకండి, టిక్కెట్టు ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళ చేతిలో పెట్టండి. తువ్వాలు కూడా తెచ్చుకోండి. ముందు మీరు ఎక్కి కూర్చుని, ఆ తర్వాత వెనకొచ్చేవాళ్ళ కోసం వేయండి.