తిప్పాల్సింది కుళాయి కాదు

విమర్శను ఖండించాలంటే ముందు దాన్ని అబద్ధం చెయ్యాలన్నది మా బాబాయి సిద్ధాంతం.

బాబాయి ఉద్యోగమే ఖండనలు రాయడం, ప్రభుత్వ సమాచార శాఖలో. అదే ఆఫీసులో నేను అచ్చుతప్పులు దిద్దేదాన్ని. ఎవరైనా ప్రభుత్వాన్ని తిడితే ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ అని ఒక కాగితం బయటికి వెళ్లాలి. మా ఆఫీసులో కాగితం కంటే ముందు బాబాయి వెళ్లేవాడు, సంచీలో పానా పెట్టుకుని.

తిట్టేది ఎక్కువగా మాజీ ప్రధాని. ఎన్నికల్లో ఓడాక ఆయనకు మిగిలింది ఒక వరండా, బోలెడంత గొంతు. పెద్దాసుపత్రి కుళాయిలో గాలి తప్ప నీళ్లు లేవని ఒకరోజు ప్రకటించారు. మా శాఖ కార్యదర్శి బాబాయికి ఫోన్ చేశారు.

“ఖండన ఏదయ్యా?”

“కుళాయి దగ్గరున్నానండి.”

“కుళాయితో నీకేం పని?”

“ఆయన చెప్పింది నిజమేనండి. విప్పితే నిట్టూరుస్తోంది. నిజాన్నెలా ఖండిస్తాం?”

పైపు మార్పించి, చెంబుడు నీళ్లు తాగి, అప్పుడు రాశాడు: ‘ఆసుపత్రిలో నీళ్లు రావడం లేదన్న విమర్శను ఖండిస్తున్నాం. వస్తున్నాయి.’

ఇంట్లోనూ ఇదే వరస. “ఈ ఇంట్లో నా మాట వినే నాథుడే లేడు” అనేది పిన్ని. “ఖండిస్తున్నాను” అని కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవాడు బాబాయి. పిన్ని మాటలు పూర్తయ్యేసరికి వంట చల్లారిపోయేది. పిన్ని కూడా.

ఒక ఉదయం పత్రికల్లో మాజీగారి కొత్త విమర్శ వచ్చింది. ‘నేను ఓడినప్పటి నుంచి ఈ ప్రభుత్వంలో ఒక్కడూ నా గడప తొక్కలేదు. ఎక్కొచ్చిన మెట్లు మరిచిపోయే సర్కారిది.’ ఇప్పటి ప్రధాని ఒకప్పుడు ఆయన శిష్యుడే. చురుక్కుమంది. బాబాయిని పిలిపించారు. కాగితాలు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

“సాయంత్రంలోగా దీనికి ఖండన వెళ్లాలి. వెళ్లకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

“అలాగేనండి. చెప్పులేసుకోండి.”

“ఎవరు?”

“తమరేనండి.”

“నేనెందుకయ్యా?”

“కుళాయి అయితే నేనే తిప్పుతానండి. ఇది తమరే తిప్పాలి.”

గదిలో ఫ్యాను ఒక్కటే ధైర్యంగా తిరుగుతోంది. బాబాయి బల్ల మీది సామాను ఏ సంచీలో సర్దాలా అని నేను ఆలోచిస్తున్నాను.

ప్రధాని గొంతు ఉన్నట్టుండి చిన్నదైంది. “ఆయన తిడతారయ్యా.”

“తిడతారండి. ఎదురుగా కూర్చుంటే సగానికి తగ్గుతుంది. మా ఇంట్లో చూశాను.”

వెళ్లాం. వరండాలో మాజీగారు, చుట్టూ ఖాళీ కుర్చీలు. వాటిలో ఎండ మాత్రం వచ్చి కూర్చుని ఉంది.

“దారి తప్పావా?” అన్నారు మాజీగారు, శిష్యుణ్ని చూసి.

“లేదండి. మిమ్మల్ని ఖండించడానికొచ్చాను.”

“కూర్చుని ఖండించు.”

పన్నులతో మొదలుపెట్టి, రోడ్ల మీదుగా, ప్రధాని మీసం దాకా తిట్టారు. ప్రధాని కొన్నిటికి “నిజమేనండి” అన్నారు. కొన్నిటికి “అది మాత్రం ఒప్పుకోను” అని గట్టిగా వాదించారు. వాదించేవాడు దొరికిన సంబరంలో మాజీగారి గొంతుకు పదేళ్లు తగ్గాయి. ఎండ లేచి వెళ్లిపోయింది గాని, ప్రధాని లేవలేదు.

చీకటి పడేముందు ఖండన వెళ్లింది: ‘ఒక్కరూ గడప తొక్కలేదన్న విమర్శను ఖండిస్తున్నాం. తొక్కాం.’ బాబాయి ఉద్యోగం మిగిలింది.

మర్నాడు పొద్దున్నే మాజీగారి మరో ప్రకటన. ‘ప్రభుత్వం వచ్చి కూర్చుంది. నా కుర్చీ కాలు విరిగింది.’

చదివి నాకు ఒళ్లు మండింది. “అన్యాయం బాబాయ్! మనం తిరిగొచ్చేటప్పుడు ఆ కుర్చీని లోపలికి మోసింది నేనే. నాలుగు కాళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.”

“నేనూ చూశాను.”

“మరింకేం? ఇన్నాళ్లకు అసలు సిసలైన అబద్ధం దొరికింది. ఇక్కడే కూర్చుని ఖండించెయ్.”

బాబాయి అప్పటికే సంచీలో సుత్తి, మేకులు వేసుకుంటున్నాడు. భుజాన తగిలించుకుని, ప్రధాని గది వైపు నడుస్తూ అన్నాడు:

“ఎవరూ కూర్చోకపోతే కుర్చీలు అలాగే విరుగుతాయమ్మా. ఉండు, ఆయన చెప్పులేసుకున్నారేమో చూసొస్తాను.”