కళ్లద్దాలు తుడుచుకునే అమ్మాయి

జవాబు తెలియని ప్రశ్న వస్తే ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకునేది. సత్తెనపల్లి దగ్గర కల్లంలో మేం మిరపకాయల తొడిమలు తీస్తుంటే వచ్చింది. జనం కట్టే ఇన్‌కంటాక్సు కాగితాలు చూసి, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఎంత తేడా ఉందో తేల్చే చదువట. ఘాటుకి తుమ్ముతూనే మా పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. నా గిన్నెలో పచ్చడన్నం కూడా తిన్నది.

"మా ఆసామి ఎంత కడతాడమ్మా?" అన్నాను. ఊరి చుట్టూ ఆయన మిరప, పత్తి చేలే. సేద్యం తప్ప వేరే వ్యాపారం లేదు.

"సేద్యం ఆదాయానికి ఆ పన్ను లేదు పిన్నిగారూ. ఆయన పేరు అందులో ఉండదు, మీ పేరూ ఉండదు. ఆ కాగితాలు చూస్తే మీరిద్దరూ ఒకటే."

అందరూ గొల్లున నవ్వారు. "ఏమక్కా, ఆసామితో సమానమైపోయావుగా! లే, లేచి మాకు కూలియ్యి!" అంది మా తోడికోడలు.

నాకు నవ్వు రాలేదు. మా ఆయన పోయాక నాకున్న ఆధారం ఆ వితంతు పింఛనే.

"మేమిద్దరం ఒకటేనని గవర్నమెంటోళ్లు నా పింఛను తీసేస్తే?"

అలా తీయరులే అంటుందనుకున్నాను. ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసింది. చున్నీకంతా కారం అంటింది. కళ్లు మండి నీళ్లు కారుతున్నా అద్దాలు తుడుస్తూనే ఉంది.

ఇప్పటికీ ఒకటో తారీఖున పింఛను తెచ్చేవాళ్లు వీధి మొదట్లో కనిపిస్తే నాకు ఆ చున్నీయే గుర్తొస్తుంది. నా ఇల్లు దాటి ముందుకెళ్లిపోతారేమోనని గుమ్మంలోనే నిలబడి ఉంటాను.