చీనీతోట పిల్లలు ఫైనల్ గెలిచిన రోజు

మా ఆయన ప్రొద్దుటూరులో ఒక బడికి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన తయారుచేసిన ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు ఓటమి అంటే తెలియదు. ఆ సంగతి మా పాలవాడికి కూడా కంఠతా వచ్చు. నేను ముద్దనూరు దాటి పులివెందుల దారిలో ఉన్న పల్లె బడిలో తెలుగు చెప్తాను. మా బడికి పీఈటీ లేడు. ఆటల సారు భార్యకు ఆటలు వచ్చే ఉంటాయని హెడ్మాస్టరు జట్టును నాకు అంటగట్టారు. ఆ లెక్కన మా ఆయనకు ఛందస్సు రావాలి.

"మీ పిల్లోల్లకు బ్యాటు ఏ పక్క పట్టుకోవాల్నో తెలుసునా?" అన్నాడాయన, నేను వేసిన దోసె తింటూ. నాకు ఒళ్లు మండింది.

"మీ జట్టునే ఓడిస్తాం సూడండి. ఓడితే ఏడాది పాటు పొద్దున టిఫిను మీరే చేయాల."

"చేస్తాలే, పో," అని నవ్వి ఇంకో దోసె అడిగాడు. ఆరింటి బస్సు కోసం నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించేది నేను. నాకది నవ్వులాట కాదు.

మా బడి పిల్లలు సెలవుల్లో తోటల్లో చీనీకాయలు, అదే బత్తాయిలు, కోసే పనికి పోతారు. చెట్టు మీది నుంచి విసిరిన కాయ కింద పడితే దెబ్బ తగులుతుంది, వ్యాపారి దాన్ని పక్కకు తీసేస్తాడు. అందుకని ఎంత జోరుగా వచ్చిన కాయనైనా మెత్తగా పట్టేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, చున్నీ చాపి పట్టడం వాళ్లకు అలవాటు. బట్టలో పడితే ఔట్ కాదని రూల్సు పుస్తకంలో చదివి చున్నీలన్నీ లాక్కుని నా బ్యాగులో కుక్కాను. బ్యాటింగు సంగతి అడక్కండి. కొట్టాక బ్యాటు పారేసి పరుగెత్తమంటే, బడికున్నది ఒక్కటే బ్యాటు, పోతే ఎట్లా అని చంకన పెట్టుకుని పరుగెత్తేవాళ్లు.

అయినా జమ్మలమడుగులో మా ఆయన జట్టుతోనే ఫైనల్ ఆడేదాకా వచ్చేశాం. అవతలి వాళ్లు గాల్లోకి కొట్టిన బంతల్లా మా చేతుల్లోనే పడింది మరి.

ఆఖరి ఇన్నింగ్సులో మేం ఒక్క పరుగు ముందున్నాం. మా ఆయన జట్టుకు ఒక్క ఔటే మిగిలింది, కానీ రెండో బేసులో ఒకరు, మూడో బేసులో ఒకరు కాచుకుని ఉన్నారు; బంతి నేల పడితే ఇద్దరూ పరుగు తీసి గెలిచేస్తారు. వాళ్ల పిల్ల బంతిని ఆకాశానికి లేపింది. దాని కింద మా తొమ్మిదో తరగతి పిల్ల. చేతికున్న గ్లవ్ ఊడబెరికి అవతల పారేసింది. ఒట్టి చేతులతో బంతి పట్టి, వంగి, రాశిలో కాయ పెట్టినట్టు మెల్లగా నేల మీద పెట్టింది.

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "నేలకు తగిలింది! ఔట్ కాదు!" ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఆ పిల్ల బెదిరిపోయి బంతి తీసి ఆయన చేతికిచ్చింది.

"యాడా దెబ్బ తగల్లేదు సార్. తిప్పి సూసుకోండి."

ఆయన నిజంగానే తిప్పి చూశాడు. అంపైరు నవ్వాపుకోలేక ఔట్ అని చెయ్యెత్తాడు. నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మైదానం మధ్యలో గంతులేశాను. సిగ్గేమీ వేయలేదు.

మర్నాడు పొద్దున టిఫినుకు ఆయన ఉగ్గాని చేశాడు. బొరుగులు ముద్దయ్యాయి, ఉప్పు రెండుసార్లు పడింది.

"ఎట్లుంది?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"శానా బాగుంది," అని మారు పెట్టించుకున్నాను. పెళ్లయిన పదకొండేళ్లలో, ఆ ఇంట్లో నేను వండనిది తినడం నాకదే మొదటిసారి.