మేడిపల్లి రోడ్డు మీద బువ్వ

మా పాపకు ఏడో నెల పడ్డప్పుడు మేం కోరుట్లల కిరాయికి ఉన్నం. మా ఆయన కథలాపూర్ దిక్కు ఒక ఊరి బడిల సార్. ఆ ఏడు తెలంగాణ కోసం అందరు సమ్మెల దిగిన్రు. బళ్లు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. ఆయన పొద్దుగాల్నే తానం చేసి, బస్టాండు కాడ ఏసిన టెంటు కింద కూసునేటందుకు పోయేటోడు. ఇంట్ల నేను, పాప.

పాప పుట్టుడే బక్కగ పుట్టింది. నా పాలు దానికి సాలుతలేవు. జగిత్యాలల పిల్లల డాక్టరు తూకం మిషిన్ మీద పండవెట్టి చూసిండు.

"ఇగ పాలొక్కటే సరిపోవమ్మా. కూరగాయలు, పప్పు, పండ్లు మంచిగ ఉడకవెట్టి, మెత్తగ గుజ్జు చేసి పెట్టాలె. నెలకు మళ్ల తీస్కరా. అప్పటికి గూడ బరువు పెరగకుంటే దవాఖానల ఉంచుకొని చూడాలె" అన్నడు.

ఇంటికొచ్చినంక గూడ ఆ "ఉంచుకొని" అన్న మాటనే నా చెవుల్ల తిరిగింది.

సిరిసిల్లల మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన. "బియ్యం, పెసరపప్పు ఏంచి గిర్నిల పట్టిచ్చి పంపుత బిడ్డా. నువ్వు గదే తిని పెరిగినవ్" అన్నది. అన్నట్టే పట్టిచ్చింది. కని తెచ్చేటందుకు బస్సేది? డబ్బా పిండి కొందామంటే దుకాణం ఎప్పుడు తెరుస్తరో, జెండాలు పట్టుకొని పిలగాండ్లొచ్చి ఎప్పుడు షటర్ దింపిస్తరో తెల్వదు. ఇంట్ల ఏముంటే అదే వండుడు మొదలువెట్టిన. ఒకనాడు ఆలుగడ్డ, ఒకనాడు గుమ్మడికాయ, ఒకనాడు సొరకాయల ఇంత పెసరపప్పు. తొక్క తీసి, చిన్న కుక్కర్ల ఉడకవెట్టి, మిక్సీల తిప్పి, చాయ వడపోసే జాలిల నుంచి చెంచతోని నూరుకుంట కిందికి దింపేదాన్ని. పాప సగం మింగేది, సగం గదుమ మీదికి తెచ్చేది. అయినా తింటున్నది గదా అని సంబురపడ్డ.

బొగ్గు బాయిలోళ్లు గూడ సమ్మెల ఉండె. కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో ఎవ్వలకు తెల్వదు.

ఒకనాడు పగటీలి గాజరుగడ్డ, అదే క్యారెట్, ఉడకవెట్టి మిక్సీల ఏసిన. ఒక్క తిప్పు తిరిగిందో లేదో, కరెంటు పోయింది. పాప అప్పటికే ఆకలికి కాళ్లు కొట్టుకుంట ఏడుస్తున్నది. పప్పుగుత్తితోని మెదిపి, జాలిల ఏసి నూరి, మెత్తగనే ఉందనుకొని పెట్టిన. రెండు చెంచలు మంచిగనే మింగింది. తర్వాత చెంచ నోట్లకు పోంగనే ఏడుపు నడుమనే ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, సప్పుడు లేదు. మొఖం ఎర్రగయింది. పెదాలు నీలం తిరుగుతున్నయ్.

"ఖాలా!" అని ఒర్రిన.

ఖాలా అంటే మా ఇంటి ఓనరమ్మ, ముస్లిం పెద్దామె, పక్క పోర్షన్లనే ఉంటుండె. రొట్టెల పిండి పిసుకుతున్నట్టుంది, పిండి చేతులతోనే ఉరికొచ్చింది. నా ఒళ్లకెళ్లి పాపను గుంజుకొని, ఎడమ చేతి మీద బోర్ల పండవెట్టి, తలకాయ కిందికి వంచి, రెండు రెక్కల నడుమ అరచేతి మడిమెతోని కొట్టింది. ఏం కాలే. మళ్ల కొట్టింది. మళ్ల. నేను గోడకు ఒరిగి చూస్తున్న. బండ మీద చిన్న ఎర్రటి ముక్క పడ్డది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడ్వనియ్ బేటీ, ఏడ్వనియ్" అనుకుంట ఖాలా కింద కూలవడ్డది. పిండి చేతులతోనే పాప ఈపు రాసింది. "ఏడుస్తున్నదంటే ఊపిరి ఆడుతున్నట్టే. యా అల్లా."

ఆనాటి నుంచి చెంచ పట్టుకుంటె నా చెయ్యి ముందుకు పోతలేదు. పాప గూడ చెంచ చూస్తే పెదాలు బిగవట్టి మొఖం తిప్పుకునేది. మా ఆయన పెట్టి చూసిండు, ఖాలా పెట్టి చూసింది. గుజ్జు గడ్డం మీది నుంచి కారుడే తప్ప లోపలికి పోలే. పాలు, గంజి మీదనే ఎల్లదీసిన. తానం చేపిచ్చేటప్పుడు చూస్తే బుజాల కాడి బొక్కలు అగువడుతున్నయ్.

ఒకనాడు పొద్దుమీకి ఆయన ఇంటికొచ్చి, "రేపు రిలే దీక్షల నా వంతు" అన్నడు.

"కూసో" అన్న నేను. "నువ్వు టెంటు కింద నిరాహారదీక్ష చెయ్. ఇంట్ల నీ బిడ్డ గూడ గదే చేస్తున్నది."

ఆయన నా దిక్కు చూసిండు. అంగీ ఇప్పి గోడ మొలకు తగిలేసి, పాప పక్కన చాలసేపు కూసున్నడు. తెల్లారి టెంటుకు పోలే. ఎవల్నో అడిగి మోటార్ సైకిల్ తెచ్చి, "నడువు, జగిత్యాల పోదాం" అన్నడు.

ఆనాడు రాస్తారోకో. మాకు తెలిసే బయలెల్లినం. ఫ్లాస్కుల పాలు పోసుకొని, పాపను కొంగుల చుట్టుకొని ఎనుక కూసున్న. మేడిపల్లి కాడికి పోయేసరికి రోడ్డుకు అడ్డంగ చెట్టు మొద్దులు, ట్రాక్టర్లు, ఎనుక లారీల వరుస. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పెద్ద పెద్ద డేక్సలల్ల అన్నం, పప్పు వండుతున్నరు. రోడ్డు మీదనే వండుకొని రోడ్డు మీదనే తినే వంటావార్పు అది. అవుతలి దిక్కు పోలీసులు లాఠీలు పట్టుకొని వరుసగ నిలవడ్డరు. రెండు దిక్కుల మనుషులు ఒగలనొగలు చూసుకుంట ఉన్నరు. ఎవ్వల్ని ఇటు రానిస్తలేరు, అటు పోనిస్తలేరు.

"దవాఖానకు పోవాలె, చిన్న పాప" అని మా ఆయన అందర్నీ బతిమిలాడుతున్నడు. "ఆగు సార్, మావోళ్లు ఎస్సైతోని మాట్లాడుతున్నరు" అంటరు. ఎండ మీదికొస్తున్నది. ఫ్లాస్కు మూత తీస్తే పాలు ఇరిగిపోయి ఉన్నయ్. పాప ముందుగాల గట్టిగ ఏడ్చింది. తర్వాత ఆ ఏడుపు సన్నగయింది. గట్టిగ ఏడ్చినప్పటికంటే అప్పుడు నాకు ఎక్కువ భయమైంది.

పొయ్యి కాడ అన్నం కలుపుతున్న ఒకామె గరిటె పక్కకు పెట్టి వచ్చింది. "ఏందక్కా, పాప గట్ల ఏడుస్తది?"

"ఆకలైతుంది. నా పాలు సాలుతలేవు, తెచ్చినయి ఇరిగినయ్."

"అన్నం ఉడికింది గదా, ఇంత పెట్టు."

"గొంతుల పడ్తది. మొన్నొకసారి..." అన్న.

ఆమె పోయి, డేక్స అడుగున బాగ మెత్తగయిన అన్నం ఇంత, పప్పు మీది కట్టు ఇంత పల్లెంల తెచ్చి, లారీ నీడకు నన్ను కూసోవెట్టింది. చేతుల మీద నీళ్లు పోసింది. "నువ్వే పిసుకు. నేను పక్కకుంట" అన్నది.

మిక్సీ లేదు, జాలి లేదు, చెంచ లేదు. ఒక్కొక్క మెతుకును బొటనేలికి, చూపుడేలికి నడుమ పెట్టి నలిపిన. నలిపినదాన్నే మళ్ల నలిపిన. గింజ తగులుతలేదని నమ్మకమయ్యేదాక పిసికి, ఏలి కొసకు ఇంత రాసుకొని పాప పెదాల కాడ పెట్టిన. పెదాలు బిగవట్టింది. అప్పుడే "జై తెలంగాణ" అని ఒక్కసారి అరుపులు లేచినయ్. పాప ఉలిక్కిపడి నోరు తెరిచింది. నా ఏలు లోపలికి పోయింది.

చీకింది. నా ఎడమ చెయ్యి దాని ఈపు మీద సిద్ధంగ ఉంది, కొట్టాల్సొస్తదేమోనని. గొంతు కదిలింది. మింగింది. నా దిక్కు చూసి మళ్ల నోరు తెరిచింది.

గంతల్నే పోలీసులు ముందుకు కదిలిన్రు. బూట్ల సప్పుడు, మనుషుల ఉరుకులాట. నేను లేవబోతే ఆమె నా బుజం మీద చెయ్యేసి, "నువ్వు లేవకు, పెట్టుకో" అన్నది. పొయ్యి కాడి ఆడోళ్లు నలుగురైదుగురు వచ్చి మా చుట్టు నిలవడ్డరు. చీరల నడుమ నుంచి లాఠీలు అగుపిస్తున్నయ్. నేను పిసుకుతనే ఉన్న, పాప తింటనే ఉంది.

ఎస్సై వచ్చి, "గీ పాపనెందుకు కూసోవెట్టిన్రు ఈడ?" అని గద్దిచ్చిండు.

"దవాఖానకు పోతున్నం సార్. ఆగిపోయినం" అన్నడు మా ఆయన.

ఎస్సై, అందాక ఆయనతోని కొట్లాడుతున్న ఉద్యమ నాయకుడు ఒగలనొగలు చూసుకున్నరు. నాయకుడు ఎనుకకు తిరిగి, "మొద్దు జరుపుండ్రి" అన్నడు. పిలగాండ్లతోపాటు ఇద్దరు కానిస్టేబుళ్లు గూడ పట్టి జరిపిన్రు. మేం ఎల్లినంక ఆడ ఏమైందో తెల్వదు.

జగిత్యాలల డాక్టరు తూకం చూసిండు. పెరగలే, కొంచెం తగ్గింది. "అడ్మిట్ చేస్కుంట" అన్నడు.

"ఇయ్యాల తిన్నది సార్" అన్న.

"ఏం తిన్నది?"

చెప్పిన. ఆయన నమ్మినట్టు లేడు. బల్ల మీద తన కోసం పెట్టుకున్న అరటిపండు ఇచ్చి, "ఏదీ, పెట్టు" అన్నడు. ఏళ్లతోనే పిసికి పెట్టిన. పాప సగం పండు తిన్నది. ఆయన చేతులు కట్టుకొని మొత్తం చూసి, "ఒక వారం ఇస్తున్న. తర్వాత నేనేం వినను" అన్నడు.

ఆ వారమంత నేను వేరే పని ముట్టలే. ఖాలా వండింది, మా ఆయన ఇల్లు ఊడ్చిండు. సిరిసిల్లల మా అమ్మ పట్టిచ్చిన ఉగ్గుపిండి బట్టల లారీ ఎక్కి వచ్చింది. ఒక్కొక్క ముద్ద పిసికేటప్పుడు భయమైంది, పెట్టేటప్పుడు భయమైంది, మింగినంక గూడ కాసేపు దాని మొఖమే చూసేదాన్ని.

వారం తర్వాత పోతే మిషిన్ మీద ముల్లు ముందుకు జరిగింది. డాక్టరు నవ్వి, "ఇంటికి తీస్కపోండ్రి" అన్నడు. బయటికొచ్చినంక మా ఆయన చాయ తెస్తనని హోటల్లకు పోయిండు. ఎంతసేపటికీ రాలే. చూస్తే, గిలాస చేతుల పట్టుకొని, గోడ దిక్కు మొఖం పెట్టి, బుజాలు కదులుతుంటే నిలవడి ఉన్నడు. నేను పిలవలే. పాపను ఎత్తుకొని, ఆయన ఇటు తిరిగేదాక ఆడనే నిలవడ్డ.